వల, ఐసు లేని చేపల పడవ: రాజోలు కుటుంబం కోసం చూసిన రెండు పాత బోట్లు

నరసాపురం రేవుకి దగ్గర్లో ఫైబర్ బోట్లు రిపేరు చేస్తుంటాను. ఈమధ్య మత్స్యకారులే కాదు, గోదారి గట్టున కొబ్బరితోట ఉన్నవాళ్లు, ఆక్వా చెరువులున్నవాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు కూడా "ఏదైనా పాత చేపల బోటు ఉంటే చూడండి, ఆదివారాలు పిల్లల్ని తిప్పుకుంటాం" అంటూ వస్తున్నారు. కొత్తది చేయించుకునే ఖర్చులో సగానికే పాతది దొరుకుతుందని వాళ్ల లెక్క. దొరుకుతుంది కూడా. అందులో ఒక కేసు ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ రెండు బోట్లలో నలుగురూ మెచ్చింది ఒకటి, చివరికి కొన్నది ఇంకొకటి.

కొనేవాళ్లది రాజోలు దగ్గర ఊరు. రిటైరైన మాస్టారు, మోకాళ్ల నొప్పులతో ఉన్న ఆయన భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, నలుగురు పిల్లలు (చిన్నదానికి నాలుగేళ్లు), పెద్ద కొడుకు బావమరిది. మొత్తం పదకొండు మంది. బావమరిది కువైట్‌లో చాన్నాళ్లు పనిచేసి వచ్చాడు, ఇంజన్ల సంగతి బాగానే తెలుసు, బోటు కొందామన్న ఉత్సాహం ముఖ్యంగా ఆయనదే. వాళ్ల తిరుగుడు ఎక్కడంటే గోదారి వైనతేయ, వశిష్ఠ పాయల్లో, దిండి చుట్టుపక్కల, చలికాలంలో లంకల మీదికి, కార్తీకంలో వనభోజనానికి, ఎప్పుడైనా గాలం వేసుకోవడానికి. సముద్రంలోకి వెళ్లం అన్నారు. పిల్లలు మాత్రం అంతర్వేదిలో గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్దామని అప్పటికే పట్టుబడుతున్నారు, దాని సంగతి కిందకొస్తుంది.

మొదటి బోటు సముద్రం వేటకి వాడేది, మనవాళ్లు ఫైబర్ తెప్ప అంటారే, అది. 28 అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండు కొసలూ కోసుగా ఉంటాయి, పొడవు షాఫ్టు డీజిల్ ఇంజను. అంతర్వేది పల్లిపాలెం వైపు ఒడ్డున పెట్టారు. అడిగింది లక్షా తొంభై వేలు. రెండోది 19 అడుగుల చిన్న బోటు, వెడల్పు ఐదున్నర, అడుగు దాదాపు బల్లపరుపు, కాలవల్లో పీతల వలలు వేసుకోవడానికి వాడినది, వెనక 9.9 హార్స్‌పవర్ పెట్రోల్ అవుట్‌బోర్డ్, అంటే బయట తగిలించే ఇంజను. యానాం వైపు నుంచి వచ్చింది, లక్షా అరవై ఐదు వేలు చెప్పారు. పెద్దదానికి కొత్తగా నీలం రంగు వేసి ముందు అమ్మవారి పేరు రాయించారు, పక్కన నిలబడి ఫోటో దిగితే అదిరిపోతుంది. చిన్నది వెలిసిపోయి, ఒక పక్క అతుకు వేసి, చూడటానికి ఏమీ బాగుండదు. ఇంట్లో ఓటింగ్ పెడితే పదకొండులో తొమ్మిది పెద్దదానికే పడేవి. "అందరం ఒకేసారి పడతామండీ, అదే కావాలి" అని పెద్ద కోడలు తేల్చేసింది.

ఇద్దరు అమ్మకందార్లూ ఒకే మాట అన్నారు: "దీంట్లో టన్ను సరుకు వేసుకొచ్చామండీ, మీ పదిమంది ఒక లెక్కా?" అబద్ధమేమీ కాదు. కానీ సరుకు బరువు వేరు, మనుషుల బరువు వేరు. వేటకెళ్లిన పడవలో తడిసిన వలలు, ఐసు, చేపలు అన్నీ అడుగున ఉంటాయి, నీళ్లు తగిలినా కదలకుండా పడి ఉంటాయి, పడవని కిందికి పట్టి ఉంచుతాయి. మనుషులు పైన కూర్చుంటారు, నిలబడతారు, డాల్ఫిన్ కనపడిందని ఎవరో అరిస్తే అందరూ ఒకే పక్కకి వస్తారు. బరువు అంతే, కాకపోతే రెండడుగులు పైకి వచ్చింది, పైగా కాళ్లొచ్చాయి. ఎడ్లబండి మీద ఇటుకలు వేయడానికీ గడ్డి ఎత్తుగా వేయడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే. అందుకని కుటుంబం కోసం చేపల బోటు చూసేటప్పుడు అది వేటలో ఎంత మోసింది అన్న ప్రశ్నని నేను పక్కన పెట్టేస్తాను. మనుషులు ఎంత ఎత్తులో కూర్చుంటారు, వాళ్లు పక్కకి జరిగితే అంచు ఎంత దిగుతుంది, ఇవి రెండే చూస్తాను, మిగతావన్నీ ఆ తర్వాత.

తెప్పలో ఎత్తు ఎందుకు ఎక్కువో చెప్పాలి. అది ఒడ్డున కెరటాల్లోంచి తోసుకుని వెళ్లాల్సిన బోటు. కెరటం పైనుంచి పడితే ఆ నీళ్లు లోపల నిలవకుండా వెంటనే బయటికి పోవాలి కాబట్టి డెక్కుని నీటిమట్టానికి పైన మూసేసి కడతారు, కింద ఖాళీలో ఫోమ్ నింపుతారు. సముద్రానికి అది చాలా తెలివైన కట్టుబడి. కుటుంబానికి వచ్చేసరికి, కాళ్లు కిందికి పెట్టుకుని కూర్చునే గుంట ఉండదు, డెక్కు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, ఆనుకోవడానికి అంచు జానెడు కూడా ఉండదు. నాలుగేళ్ల పిల్లకి అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. మాస్టారి భార్య ఎక్కాలంటే ఇద్దరు కింద నుంచి లేపాలి.

సరే, ఇది నా అభిప్రాయం, బోటు ఆరోగ్యం సంగతేమిటి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, ఆ 61 రోజులూ మరపడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. పాత బోటు చూడటానికి అంతకంటే మంచి టైము లేదు. బోట్లు ఒడ్డెక్కి ఉంటాయి, అడుగు ఎండి ఉంటుంది, అమ్మేవాడికీ డబ్బు అవసరం ఉంటుంది. మేము రెండూ ఆ రోజుల్లోనే చూశాం.

ముందు కాటా. ఇది చాలామందికి తట్టదు. మన దగ్గర ప్రతి నాలుగూళ్లకీ ఒక రైసుమిల్లు, మిల్లు దగ్గర లారీ కాటా ఉంటుంది. ట్రాక్టరు ట్రక్కు ఖాళీగా ఒకసారి, బోటు ఎక్కించి ఒకసారి తూయించాలి. ఐదు పది కిలోలు అటూఇటూ చూపిస్తుంది, మనకి అది చాలు. ఇంజను దించేసి తూస్తే తెప్ప 870 కిలోలు వచ్చింది. అదే అచ్చులో తీసిన వేరే బోటు ఆరువందల నలభై ఉంటుందని నా పుస్తకంలో రాసుకుని ఉంది. అంటే రెండువందల ముప్పై కిలోల నీళ్లు లోపల ఎక్కడో ఉన్నాయి. ఎక్కడంటే ఆ ఫోమ్‌లో. వలని లాగే రోలరు బిగించిన బోల్టుల చుట్టూ డెక్కు చిట్లింది, ఏళ్ల తరబడి అందులోంచి నీళ్లు దిగి ఫోమ్ తాగేసింది. పైన కొత్త రంగు వేసి చీలికలు కప్పేశారు, కాటా మీద అది దాగదు. రూపాయి బిళ్లతో డెక్కు మీద తడుతూ పోతే మంచిచోట టంగుమని గట్టిగా, పాడైనచోట డొప్పగా మోగింది. ఆ డొప్ప మోత ముందుభాగం నుంచి ఇంజను దాకా ఒక పట్టీలా వచ్చింది. తడిసిన ఫోమ్ ఎండదు. డెక్కు కోసి మొత్తం తవ్వి తీయాలి, అది రిపేరు అనడం కంటే కొత్త బోటు కట్టడం అనడం నయం.

ఒకమాట ఇక్కడే చెప్పేస్తాను, ఫోమ్ పొడిగా ఉన్నా ఈ కుటుంబానికి ఆ బోటు వద్దనే అనేవాడిని. తడి కేవలం వాదన తగ్గించింది.

చిన్నబోటు ఇంజనుతో కలిపి మూడువందల నలభై. అవుట్‌బోర్డ్ నలభై కిలోల లోపు, కాబట్టి డొల్ల, అంటే ఇంజను లేని ఉత్త బోటు, మూడువందల చిల్లర, ఆ సైజుకి మామూలే. దాని జబ్బు వెనక పలకలో ఉంది, ట్రాన్సమ్ అంటాం. బయటికి ఫైబరే కనిపిస్తుంది, లోపల ప్లైవుడ్ ఉంటుంది, ఇంజను మొత్తం దాని మీదే వేలాడుతుంది. పరీక్ష తేలిక: ఇంజనుని పైకి వంచి, ఫ్యాను ఉన్న కొస పట్టుకుని పైకీ కిందికీ ఊపాలి, ఆ సమయంలో కళ్లు ఇంజను మీద కాదు, పలక డొల్లకి అతికే మూల మీద ఉండాలి. అక్కడ వెంట్రుకవాసి కదిలినా అనుమానించాలి. ఇది అంతకంటే ఎక్కువే కదిలింది. ఒక బోల్టు విప్పితే రంధ్రంలోంచి టీ రంగు నీళ్లు కారాయి. బావమరిది మొహం చూసి "ఇదీ పోయిందండీ అయితే?" అన్నాడు. పోలేదు. పలక మార్చవచ్చు, ధర తగ్గించవచ్చు.

రెండో లోపం ఇంకా ముఖ్యం, ధరలో ఎక్కడా కనపడదు. సీట్ల కింద ఉండాల్సిన ఫోమ్ తీసేసి పాత యజమాని అక్కడ చేపల పెట్టెలు చేసుకున్నాడు. ఆయన పనికి అది సరైనదే. కానీ బోటు నిండా నీళ్లొస్తే అది తేలదు, ఇంజను బరువుకి వెనక నుంచి దిగిపోతుంది. బోటు మునిగినా తేలుతూ ఉండాలి, మనుషులు దాన్ని పట్టుకుని ఉండాలి, కుటుంబం వాడే బోటుకి ఈ ఒక్కటి నేను బేరం పెట్టను.

ఇంజన్ల గురించి త్వరగా. తెప్ప డీజిల్ ఇంజను నిజానికి బాగుంది, నల్లపొగ లేదు, చల్లగా ఉన్నప్పుడే రెండో తిప్పుకి అందుకుంది, ఆయిలు ఖర్చు తక్కువ. అయితే ఆ పొడవు షాఫ్టు ఏ కప్పూ లేకుండా తిరుగుతుంది, సైలెన్సరు ఎర్రగా కాలుతుంది, ఆ మోతలో పక్కవాడితో మాట్లాడాలన్నా అరవాలి. చీర కొంగులు, చున్నీలు, చిన్నపిల్లల చేతులు దాని చుట్టూ ఉంటాయని తలచుకుంటేనే టెన్షన్. అవుట్‌బోర్డ్ చూసేటప్పుడు నేను ముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెబుతాను, వెళ్లగానే మూత మీద చెయ్యి వేసి చూస్తాను. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారన్నమాట. ఇది చల్లగానే ఉంది, నాలుగో లాగుడుకి అందుకుంది. ఇంజనుని చల్లబరిచి పక్కనుంచి చిమ్మే నీటి ధార మాత్రం సన్నగా వచ్చింది, లోపల నీళ్లు తోడే రబ్బరు ఇంపెల్లర్ అరిగింది. వరదనీళ్లలో గోదారి ఇసుక, ఒండ్రు దాన్ని గంధంలా అరగదీస్తాయి, మన దగ్గర ఏటా మార్చుకోవడమే. గేరు ఆయిలు పాలరంగులో వస్తే సీలు పోయి నీళ్లు దూరినట్టు, ఇది శుభ్రంగా వచ్చింది. బతికిపోయాం.

ఇక నీళ్లలో పరీక్ష. రెండింటినీ గాలిలేని ఉదయంపూట, కాలవలో, నడుము లోతులో, లైఫ్‌జాకెట్లు వేసుకున్న పెద్దవాళ్లతోనే చేశాం. ముందు అందరూ మధ్యలో కూర్చోవాలి, అంచు నీటికి ఎంత పైన ఉందో కొలవాలి. తర్వాత సగంమంది ఒక పక్కకి జరగాలి, మళ్లీ కొలవాలి. తెప్ప మీద ఎనిమిది మందిమి. నలుగురం పక్కకి జరగగానే ఆ పక్క దాదాపు ఎనిమిది అంగుళాలు దిగింది, ఇంకోవైపు వాళ్లు జారి మా మీదికి వచ్చారు, డెక్కు మీద కాలు తన్నిపెట్టుకునే చోటే లేదు మరి. మునిగేది కాదు, తిరగబడేదీ కాదు, కానీ ఆ జారడంతోనే ఒకాయన కాలవలో పడ్డాడు. అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

చిన్నబోటులో ఆరుగురం, ముగ్గురం ఒక పక్కకి. ఐదంగుళాలు దిగి ఆగింది, ఎవరూ జారలేదు, ఎందుకంటే కూర్చున్నది డొల్ల లోపల, కాళ్లు అడుగున, వీపు అంచుకి. ఏడో మనిషిని ఎక్కించగానే వెనకభాగం దిగి ఇంజను బిగించే చోటికీ నీటికీ మధ్య నాలుగు వేళ్లు మిగిలింది. అక్కడితో ఆపాం. ఇరవై అడుగుల లోపు బోట్లకి అమెరికా కోస్ట్‌గార్డు చెప్పే మోటు లెక్క ఒకటి ఉంది: పొడవుని వెడల్పుతో, రెండూ అడుగుల్లోనే, గుణించి పదిహేనుతో భాగించాలి. 19ని ఐదున్నరతో గుణిస్తే నూట నాలుగున్నర, భాగిస్తే ఏడుకి కాస్త తక్కువ, అంటే ఆరు. కాలవలో మాకు తేలిందీ అదే. ఈ లెక్క ప్రశాంతమైన నీళ్లకి, అలలుంటే ఇంకా తగ్గించాలి.

ఇక్కడ ఇంట్లో గొడవ మొదలైంది. "ఆరుగురికి బోటు కొని పదకొండు మంది ఏం చేస్తామండీ?" అని పెద్దకొడుకు. న్యాయమైన ప్రశ్నే. "పెద్దది ఇంకోటి చూద్దాం, పాత తెప్పలు బోలెడు" అని బావమరిది. నేను అన్నది ఒకటే: లంక దాకా అరగంట దూరం కూడా లేదు, రెండు విడతలుగా వెళ్లండి, బోటు ఒకసారి వెనక్కొస్తే మీకు పోయేదేముంది? పదకొండు మందికీ సరిపడే, కాళ్లు కిందికి పెట్టి కూర్చునే బోటు కావాలంటే అది చేపల బోట్లలో దొరకదు, ఆ పని కోసమే కట్టించుకోవాలి, రెండున్నర రెట్లు ఖర్చు. 2018 జులైలో గోదారి గౌతమి పాయలో పశువుల్లంక దగ్గర కడుతున్న వంతెన స్తంభానికి పడవ కొట్టుకుని స్కూలు పిల్లలు కొట్టుకుపోయిన సంగతి మాస్టారే గుర్తుచేశారు, ఆయన ఆ వైపు పనిచేసినవారు. "ఆరంటే ఆరే, పిల్లల్ని అరమనిషి లెక్క వేయడాలు లేవు" అని ఆయన అనడంతో తేలిపోయింది.

లక్షా ముప్పై వేలకి బేరం కుదిరింది. పలక కదలడం, ఆ టీ నీళ్లు అమ్మేవాడి ఎదురుగానే చూపించాం కాబట్టి పెద్దగా పేచీ రాలేదు.

రిపేరు నేనే చేశాను. పలక లోపలివైపు నుంచి కోసి కుళ్లిన చెక్క అంతా తీసి, ఐఎస్ 710 మార్కు మెరైన్ ప్లైవుడ్ రెండు పొరలు అతికించి పైన ఫైబర్ మ్యాట్, దాన్ని గట్టిపరిచే రెజిన్ వేశాం. బోల్టులకి రంధ్రాలు ముందు పెద్దవిగా చేసి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు సైజు రంధ్రం వేశాం, అప్పుడు నీళ్లు దిగినా చెక్కకి తగలవు. చాలా షెడ్లలో ఈ పని ఎగ్గొడతారు, అందుకే మూడేళ్లకి మళ్లీ అదే పలక ఊగుతుంది. వానాకాలం మొదలయ్యేలోపు అయిపోవాలి, గాలిలో తేమ ఎక్కువైతే రెజిన్ సరిగా గట్టిపడదు.

తేలడానికి లెక్క ఇలా వేశాం. మూడువందల కిలోల ఫైబర్ పూర్తిగా నీళ్లలో మునిగితే సుమారు వంద కిలోల బరువే చూపిస్తుంది, మిగతాది నీరే మోస్తుంది. ఇంజనుకి నలభై, లంగరూ ట్యాంకూ సామానూ కలిపి ఇంకొంత. రెండువందల లీటర్ల గాలి ఉంటే బోటు మునగదు, పట్టుకుని వేలాడే మనుషుల కోసం మూడువందల యాభై పెట్టాం. థర్మాకోల్ పెట్టేద్దామని చిన్నకొడుకు అన్నాడు, వద్దన్నాను, పెట్రోలు తగిలినా రెజిన్ తగిలినా కరిగిపోతుంది. మూతలు బిగించి సీలు చేసిన ఇరవై లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లు సీట్ల కిందా అంచుల వెంబడీ బెల్టులతో కట్టాం. ఫోమ్ కంటే ఇది నాకు నచ్చడానికి కారణం, ఏడాదికోసారి తీసి ఊపి చూసుకోవచ్చు, తడిసిందో లేదో ఊహించక్కర్లేదు. ఆ తర్వాత కాలవలో బోటు నిండా నీళ్లు నింపి చూశాం, అంచులు పైకే ఉన్నాయి. మొత్తం ఖర్చు, ఇంపెల్లరుతో కలిపి, ముప్పై ఎనిమిది వేలు.

పిల్లలకి పెద్దవాళ్ల లైఫ్‌జాకెట్ వేస్తే నీళ్లలో అది పైకి పోతుంది, పిల్ల కిందకి పోతుంది. కాళ్ల మధ్యనుంచి పట్టీ వచ్చే పిల్లల సైజువి విడిగా కొనిపించాను.

కాగితాల విషయం. చేపల బోటు మత్స్యశాఖ దగ్గర వేట కోసం రిజిస్టర్ అయి ఉంటుంది, పేరు మార్చకుండా చేతులు మారితే రేపు ఏదైనా అయినప్పుడు పాత యజమాని మెడకీ మీ మెడకీ చుట్టుకుంటుంది. వేట మానేసి లోపలి నీళ్లలో తిప్పుకునేటప్పుడు ఆ వేట లైసెన్సు మీకు పనికిరాదు, 1917 నాటి చట్టం స్థానంలో 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం కింద ఇంజను పడవల రిజిస్ట్రేషన్ రాష్ట్రం చూస్తుంది, అక్కడ అడిగి చేయించుకోవాలి. డబ్బు తీసుకుని బయటివాళ్లని ఎక్కించుకోవడం మాత్రం వద్దు, "పక్కింటోళ్లు ఆయిలు ఖర్చు ఇస్తామన్నారు" అన్నా సరే.

చివరికి అన్నాచెల్లెళ్ల గట్టు. పిల్లల కోరిక తీరలేదు, ఈ బోటుతో తీరదు. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం గాలి పైకి కొడుతుంది, అదే టైములో పాటు నీరు (పోటు తగ్గేటప్పుడు వెనక్కి దిగే నీరు) కిందికి లాగుతుంటే రెండూ ఎదురెదురై అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. అమావాస్యకీ పున్నమికీ ఆ లాగుడు ఇంకా ఎక్కువ. తెప్ప ఐతే దాన్ని తట్టుకునేది, నిజమే, అది అందుకే పుట్టింది, కానీ పైన కూర్చున్న కుటుంబం తట్టుకోదు. ఇసుక మేటలు కూడా ఏటా చోటు మారుతుంటాయి, పోయినేడు లోతున్న దారి ఈ ఏడు ఉండదు. కాబట్టి కిందికి వాళ్ల హద్దు సఖినేటిపల్లి పంటు రేవు, అక్కడి నుంచి గట్టు దాకా కారులో వెళ్తున్నారు. బయల్దేరే ముందు పోటు ఎప్పుడో చూసుకుని, పాటుతో కిందికి వెళ్లి పోటుతో ఇంటికి వచ్చేలా పెట్టుకోమన్నాను, ఇంజను ఆగిపోయినా నీరు ఇంటివైపే తెస్తుంది. పోటు టైము రోజుకి యాభై నిమిషాలు ఆలస్యం అవుతుంది కాబట్టి పోయిన ఆదివారం టైము ఈ ఆదివారానికి పనికిరాదు, బావమరిది ఇప్పుడు క్యాలెండరు మీద పెన్సిల్‌తో రాసిపెట్టుకుంటున్నాడు. ట్రాన్సమ్ బోల్టులు ఈ నిషేధం రోజుల్లో మళ్లీ ఒకసారి విప్పి చూడాలి, తీసుకొస్తానన్నాడు.